థాలమస్ నుంచి కార్టెక్స్‌కు వెళ్లే దారులు: పటంలోని ఏ గీతను ఎంతవరకు నమ్మాలి?

మీరు అడిగినవి మూడు. కోతులు, మనుషులు వంటి ప్రైమేట్ల మెదడులో థాలమస్‌కూ (మెదడు నడిమధ్యలోని కణాల ముద్ద) కార్టెక్స్‌కూ (మెదడు పై పొర) మధ్య ఉన్న కనెక్షన్ల పటం పూర్తయిందా అన్నది మొదటిది. డిఫ్యూజన్ ఎం.ఆర్.ఐ.తో రంగురంగుల పటాలు వస్తుంటే ఇంకా కోతి మెదడులో ట్రేసర్లు (కనెక్షన్ల దారిని చూపే రంగు పదార్థాలు) ఎక్కించడం దేనికి అన్నది రెండోది. కంప్యూటర్ సైన్స్ వైపు నుంచి వచ్చి మెదడు మోడల్ కడుతున్న మీరు ఏ డేటా తీసుకోవాలి అన్నది మూడోది.

పటం పూర్తి కాలేదు. కొన్ని చోట్ల ఒక్కో పొర దాకా తెలుసు, కొన్ని చోట్ల ఈ ప్రాంతం ఆ ప్రాంతంతో మాట్లాడుతుందన్నంత వరకే తెలుసు. పటంలో కనిపించే ప్రతి గీత ఏదో ఒక పద్ధతితో గీసిందే. ఆ పద్ధతి చూడగలిగిందే గీతలో ఉంటుంది, చూడలేనిది ఉండదు. నేను చాలా ఏళ్లుగా ట్రేసర్ సెక్షన్లను (మెదడు పలుచని కోతలను) మైక్రోస్కోప్ కింద చదివే పనిలో ఉన్నాను. కాబట్టి నా మొగ్గు ఎటో మీకు త్వరగానే తెలిసిపోతుంది. ఆ మొగ్గుకు కారణాలు కూడా చెబుతాను.

ముందు కాస్త నేపథ్యం. థాలమస్ మెదడు నడిమధ్యలో ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి ఉంటుంది. మనిషిలో సుమారు 3 నుంచి 4 సెంటీమీటర్ల పొడవు. లోపల కొన్ని డజన్ల కణ సమూహాలు ఉంటాయి, వాటినే కేంద్రకాలు అంటాం. చూపు సమాచారం లాటరల్ జెనిక్యులేట్ కేంద్రకం, అంటే ఎల్.జి.ఎన్. గుండా కార్టెక్స్‌లో చూపు మొదట చేరే వి1 ప్రాంతానికి వెళ్తుంది. వినికిడి మీడియల్ జెనిక్యులేట్ గుండా, స్పర్శ వెంట్రల్ పోస్టీరియర్ కేంద్రకాల గుండా వెళ్తాయి. మీడియోడార్సల్ కేంద్రకం ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌తో, వెంట్రల్ లాటరల్ మోటార్ (కదలికల) ప్రాంతాలతో, పల్వినార్ వెనక భాగంలోని చాలా ప్రాంతాలతో ముడిపడి ఉంటాయి. థాలమస్‌ను పొరలా చుట్టి ఉండే రెటిక్యులర్ కేంద్రకం మాత్రం కార్టెక్స్‌కు ఒక్క ఆక్సాన్ (కణం నుంచి వెళ్లే పొడవాటి తీగ) కూడా పంపదు. అది థాలమస్ లోపలి కణాలనే అణచిపెడుతుంది. ఏ పటంలోనైనా రెటిక్యులర్ నుంచి కార్టెక్స్‌కు నేరుగా గీత కనిపిస్తే ఆ పటం తయారైన తీరును ఒకసారి అనుమానించండి.

బాగా తెలిసిన చోటు ఎల్.జి.ఎన్., వి1 మధ్య దారి. మకాక్ కోతిలో ఎల్.జి.ఎన్.కు ఆరు ప్రధాన పొరలు. కింది రెండూ పెద్ద కణాల మాగ్నో పొరలు, పై నాలుగూ చిన్న కణాల పార్వో పొరలు, వాటి మధ్య సందుల్లో మరీ చిన్నవైన కోనియో కణాలు. 1, 4, 6 పొరలకు ఎదుటి వైపు కన్ను నుంచి, 2, 3, 5 పొరలకు అదే వైపు కన్ను నుంచి సమాచారం వస్తుంది. వి1లో మాగ్నో ఆక్సాన్లు 4సి ఆల్ఫా ఉపపొరలో, పార్వో ఆక్సాన్లు 4సి బీటాలో ముగుస్తాయి. కోనియో కణాలు పై పొరల్లోకి వెళ్తాయి. ఇంత వివరంగా ఎలా తెలిసిందో చూస్తే పద్ధతుల కథంతా అర్థమవుతుంది.

1930లలో ఎర్ల్ వాకర్ వంటివాళ్లు కార్టెక్స్‌లో ఒక ముక్క తీసేసి, కొంతకాలం తర్వాత థాలమస్‌లో ఏ కణాలు కృశించాయో చూసేవారు. ఆక్సాన్ తెగిన కణం చచ్చిపోతుందన్నది ఆ పద్ధతికి ఆధారం. కానీ అదే కణం మరో ప్రాంతానికి కూడా కొమ్మ పంపి ఉంటే బతికిపోవచ్చు, అప్పుడు కనెక్షన్ ఉన్నా లేనట్టే లెక్కలోకి వస్తుంది. 1950లలో నౌటా పద్ధతి వచ్చాక క్షీణిస్తున్న ఆక్సాన్లను వెండి లవణాలతో రంగు పట్టించి చూడగలిగారు. 1972లో హ్యూబెల్, వీసెల్ ఆ దారిలోనే మకాక్ ఎల్.జి.ఎన్.లో ఒక్క పొరలో చిన్న గాయం చేసి, క్షీణించిన ఆక్సాన్ చివరల కోసం వి1లో వెతికారు. అవి అర మిల్లీమీటరుకు అటూ ఇటూ వెడల్పున్న పట్టీలుగా కనిపించాయి. ఒక పట్టీ ఒక కంటిది, పక్క పట్టీ రెండో కంటిది. తర్వాత కంట్లోకి రేడియోధార్మిక అమైనో ఆమ్లం ఎక్కించినప్పుడు అది ఎల్.జి.ఎన్. దాటి వి1 దాకా చేరి అవే పట్టీలను చూపించింది. రెండు వేరు వేరు పద్ధతులు ఒకే మాట చెప్పాయి. నా దృష్టిలో ఒక కనెక్షన్ రుజువైనట్టు అనుకోవడానికి కావలసింది ఇదే.

1970ల మొదట్లో అసలు మలుపు వచ్చింది. హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమును ఆక్సాన్ చివరలు మింగి, వెనక్కి కణం దాకా మోసుకెళ్తాయని తెలిసింది. అంటే కార్టెక్స్‌లో ఒక చోట ఇంజెక్ట్ చేస్తే, అక్కడికి ఆక్సాన్లు పంపే కణాలు థాలమస్‌లో ఎక్కడున్నా రంగు పట్టి దొరికిపోతాయి. ఆ తర్వాత కాలరా టాక్సిన్ బి, ఫ్లోరోగోల్డ్, ఫాస్ట్ బ్లూ వంటివి వచ్చాయి. ముందుకు, అంటే కణం నుంచి ఆక్సాన్ చివరికి, దారి చూడాలంటే బీడీఏ వంటి ట్రేసర్లు ఉన్నాయి.

ఒక సెక్షన్‌ను దగ్గరగా చూపిస్తాను. వి1లో చిన్న ఇంజెక్షన్ చేసిన జంతువు ఎల్.జి.ఎన్.ను అడ్డంగా కోసి చూస్తే, రంగు పట్టిన కణాలు ఎక్కడంటే అక్కడ చెల్లాచెదురుగా ఉండవు. ఆరు పొరలను నిలువుగా చీల్చుకుంటూ ఒక సన్నని స్తంభంలా నిలబడతాయి. దృష్టి క్షేత్రంలో ఒకే బిందువును చూసే కణాలన్నీ పొరల మీదుగా ఒకే గీతలో ఉంటాయి కాబట్టి అలా కనిపిస్తుంది. ఇంజెక్షన్‌ను కొన్ని మిల్లీమీటర్లు జరిపితే స్తంభం కూడా పక్కకు జరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాని దృశ్యం అది.

రెండు ప్రాంతాల్లో రెండు రంగులు వేసినప్పుడు ఇంకా సూక్ష్మమైన ప్రశ్న అడగవచ్చు. ఫాస్ట్ బ్లూ కణం ఒళ్లంతా నీలంగా వెలుగుతుంది, డయమిడినో యెల్లో ప్రధానంగా కణం మధ్యలోని కేంద్రకంలో పసుపుగా వెలుగుతుంది. అతినీలలోహిత కాంతి కింద నీలం ఒంట్లో పసుపు చుక్క ఉన్న కణం కనబడితే, ఆ ఒక్క కణమే రెండు ప్రాంతాలకూ కొమ్మలు పంపుతోందని అర్థం. ఈ సంగతి ఏ ఎం.ఆర్.ఐ. యంత్రమూ చెప్పలేదు.

ట్రేసర్లకూ లోపాలున్నాయి. సూది కాస్త లోతుగా దిగి కార్టెక్స్ కింద ఉన్న తెల్లపదార్థాన్ని తాకితే, అటుగా వేరే చోటికి వెళ్తున్న ఆక్సాన్లు కూడా రంగును తీసుకోవచ్చు. అప్పుడు సంబంధం లేని కేంద్రకంలో కణాలు వెలుగుతాయి, పటంలో ఒక అబద్ధపు గీత పడుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఏ పేపర్ తీసుకున్నా ముందు ఇంజెక్షన్ చోటు ఫోటో చూస్తారు. ఆ ఫోటో లేకుండా ఫలితాల పట్టిక మాత్రమే ఇస్తే దానికి నేను సగం విలువే ఇస్తాను. పైగా ఒక జంతువులో కొద్ది ఇంజెక్షన్లే సాధ్యం. కోతుల మీద ప్రయోగం తేలిగ్గా తీసుకునే విషయం కాదు, తీసుకోకూడదు కూడా. దశాబ్దాల నాటి స్లైడ్‌లను పారేయకుండా స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాలని నేను గట్టిగా అడుగుతున్నది అందుకే. ఆ జంతువుల నుంచి వచ్చిన సమాచారాన్ని చివరి చుక్క దాకా వాడుకోవడం మన బాధ్యత.

రెండు మూడు అంచెల దారి చూడాలంటే మామూలు ట్రేసర్లు చాలవు. పీటర్ స్ట్రిక్ బృందం ఇక్కడ వైరస్‌లను వాడింది. రేబీస్ వైరస్ సైనాప్స్ (రెండు కణాలు కలిసే చోటు) దాటి వెనక్కి మాత్రమే ప్రయాణిస్తుంది. మోటార్ కార్టెక్స్‌లో ఎక్కిస్తే మొదట థాలమస్ కణాల్లోకి, ఇంకాస్త సమయం ఇస్తే సెరిబెల్లమ్ (చిన్నమెదడు)లోని డెంటేట్ కేంద్రకంలోకి చేరుతుంది. ఎంతసేపు ఆగామన్నదే ఎన్ని అంచెలు చూస్తామో నిర్ణయిస్తుంది. హెర్పీస్ వైరస్‌తో, తర్వాత రేబీస్‌తో చేసిన ఈ పనుల వల్లే డెంటేట్‌లో ఒక భాగం థాలమస్ మీదుగా మోటార్ కార్టెక్స్‌కు, ఇంకో భాగం ప్రీఫ్రంటల్ 46వ ప్రాంతానికి సంకేతాలు పంపుతాయని తెలిసింది. సెరిబెల్లమ్ అంటే కదలికలే అనుకునే రోజుల్లో ఇది పెద్ద వార్త.

ఇక డిఫ్యూజన్ ఎం.ఆర్.ఐ. ఆక్సాన్ల కట్టల వెంట నీటి అణువులు సులువుగా కదులుతాయి, అడ్డంగా అంత సులువుగా కదలవు. ఆ తేడాను కొలిచి కట్టల దిశను లెక్కగట్టి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి గీతలు గీయడమే ట్రాక్టోగ్రఫీ. 2003లో బెహ్రెన్స్, సహచరులు బతికున్న మనుషుల్లో కార్టెక్స్‌ను ఏడు పెద్ద భాగాలు చేసి, థాలమస్‌లోని ఒక్కో బిందువు దేనితో ఎక్కువ ముడిపడి ఉందో రంగులతో చూపించారు. కోతుల్లో ట్రేసర్లతో తెలిసిన అమరికతో అది చాలావరకు సరిపోయింది. మనిషి మెదడులో ట్రేసర్ ఎక్కించలేం కాబట్టి ఆ పని విలువ చాలా పెద్దది. నేను దాన్ని తక్కువ చేయడం లేదు.

అయితే అది చెప్పలేనివి ఏమిటో తెలియాలి. రైలు పట్టాలు చూసి రైలు ఎటు నుంచి ఎటు పోతోందో చెప్పలేం కదా, ఇదీ అంతే. గీత థాలమస్ నుంచి కార్టెక్స్‌కా, కార్టెక్స్ నుంచి థాలమస్‌కా అన్నది నీటి కదలికలో ఉండదు. సైనాప్స్ ఉందో లేదో తెలియదు. ఒక్కో ఆక్సాన్ మందం మైక్రోమీటరు స్థాయిలో ఉంటే, మనిషి స్కాన్‌లో ఒక్కో గడి వైపు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. ఆ గడిలో వేల వేల ఆక్సాన్లు కలిసి ఉంటాయి. అవి అడ్డంగా దాటుకుంటున్నాయా, కలిసి మలుపు తిరుగుతున్నాయా అన్నది చాలాసార్లు ఒకేలా కనిపిస్తుంది. పైగా గీతలు కార్టెక్స్ మడతల శిఖరాల వైపు ఎక్కువ మొగ్గుతాయి, లోయల గోడల్లోకి తక్కువ వెళ్తాయి. 2014లో సిబు థామస్, సహచరులు మకాక్ మెదడులో అత్యంత నాణ్యమైన డిఫ్యూజన్ డేటాను ట్రేసర్ ఫలితాలతో పక్కపక్కన పెట్టి చూశారు. అసలు కనెక్షన్లను ఎక్కువగా పట్టుకునేలా సర్దితే అబద్ధపు గీతలు పెరిగాయి, అబద్ధపు గీతలను తగ్గిస్తే అసలువి జారిపోయాయి. డేటా నాణ్యత పెంచినంత మాత్రాన ఆ చిక్కు వీడదన్నదే వాళ్ల వాదన.

రెస్టింగ్ స్టేట్ ఎఫ్.ఎం.ఆర్.ఐ. (ఏ పనీ చేయని మనిషి మెదడు కార్యకలాపాన్ని కొలిచే స్కాన్) గురించి ఒక్క మాట: రెండు చోట్ల సంకేతం కలిసి ఊగితే మధ్యలో మూడోది ఉందేమో చెప్పలేం. కనెక్షన్ పటంగా దాన్ని వాడకండి.

మోడల్ కట్టేవాళ్లు ఎక్కువగా తడబడేది "బలం" అనే చోట. కణాల లెక్కో, సైనాప్స్‌ల లెక్కో తీసుకుని దాన్నే బలం అనుకుంటారు. మకాక్ వి1లో వెనక్కి వెళ్లే ట్రేసర్ ఎక్కించి, స్థానిక కణాలతో సహా రంగు పట్టిన అన్ని కణాలనూ లెక్కిస్తే ఎల్.జి.ఎన్. వాటా ఒక శాతం కూడా ఉండదు. 4సి పొరలో చూసినా థాలమస్ నుంచి వచ్చిన సైనాప్స్‌లు చిన్న వాటానే. అయినా ఆ పిడికెడు లేకపోతే వి1కు చూపు దాదాపు లేనట్టే. ఎల్.జి.ఎన్. కణాల మీద కూడా రెటీనా నుంచి వచ్చే సైనాప్స్‌లు చాలా తక్కువ, కార్టెక్స్ ఆరో పొర నుంచి వెనక్కి వచ్చేవి అంతకు ఎన్నో రెట్లు. ముర్రే షెర్మన్, రే గిల్లరీ ఈ చిక్కును తీర్చడానికే 1998లో డ్రైవర్లు, మాడ్యులేటర్లు అనే విభజన ముందుకు తెచ్చారు. డ్రైవర్ అసలు సందేశం మోస్తుంది. దాని చివరలు పెద్దవి, కణం ఒంటికి దగ్గరగా అతుక్కుంటాయి. మాడ్యులేటర్ ఆ సందేశం ఎంత గట్టిగా దాటాలో సర్దుతుంది. రెటీనా నుంచి వచ్చేవి డ్రైవర్లు, ఆరో పొర నుంచి వచ్చేవి మాడ్యులేటర్లు.

ఐదో పొర నుంచి పల్వినార్, మీడియోడార్సల్ వంటి కేంద్రకాలకు వచ్చే ఆక్సాన్లు కూడా డ్రైవర్లలాగే ఉంటాయని వాళ్ల వాదనలో రెండో సగం. కోతి పల్వినార్‌లో కార్టెక్స్ నుంచి వచ్చే చివరలు రెండు రకాలని, పొడవుగా పరుచుకునేవి కొన్ని, గుండ్రని గుత్తులుగా పెద్ద చివరలతో ఉండేవి కొన్ని అని 1996లో క్యాథ్లీన్ రాక్‌లాండ్ ఒక్కో ఆక్సాన్‌నూ అనుసరించి చూపించారు. థాలమస్ అంటే అందిన సమాచారాన్ని అలాగే ముందుకు పంపే రిలే స్టేషన్ అనే ఊహ ఇక్కడే మారాలి. ఎల్.జి.ఎన్. కళ్ల నుంచి వచ్చిన దాన్ని పంపుతుంది. పల్వినార్ మాత్రం కార్టెక్స్‌లో ఒక ప్రాంతం చెప్పింది తీసుకుని ఇంకో ప్రాంతానికి పంపగలదు. 2012లో సబీన్ కాస్ట్‌నర్ బృందం మకాక్‌లలో చేసిన పని ఇందుకు మంచి ఉదాహరణ. జంతువు ఒక చోట దృష్టి పెట్టినప్పుడు చూపుకు సంబంధించిన వి4, టీఈఓ ప్రాంతాల మధ్య లయ కుదరడంలో పల్వినార్ పాత్ర ఉందని చూపారు. ఎలక్ట్రోడ్‌లను ఎక్కడ దించాలో తేల్చుకోవడానికి వాళ్లు వాడింది డిఫ్యూజన్ ఎం.ఆర్.ఐ.నే. ఆ పద్ధతిని వాడాల్సిన తీరు అదే అని నా అభిప్రాయం: ఎక్కడ వెతకాలో అది చెబుతుంది, దొరికిందో లేదో వేరే పద్ధతి తేల్చాలి.

ఇంకో కోణం థాలమస్ శాస్త్రవేత్త టెడ్ జోన్స్ చెప్పినది. థాలమస్‌లో పార్వాల్బ్యూమిన్ అనే ప్రోటీన్ ఉన్న కణాలు ఒక నిర్దిష్ట ప్రాంతపు మధ్య పొరలకు క్రమపద్ధతిలో వెళ్తాయి. కాల్బిండిన్ అనే ప్రోటీన్ ఉన్న కణాలు కేంద్రకాల సరిహద్దులతో పెద్దగా పట్టింపు లేకుండా విస్తరించి, కార్టెక్స్ పై పొరలకు విశాలంగా వెళ్తాయి. కాబట్టి "ఈ కేంద్రకం ఆ ప్రాంతానికి" అనే పట్టికలోని ఒకే గడిలో రెండు వేరు వేరు వ్యవస్థలు దాగి ఉండవచ్చు.

చిన్న గీతలను కొట్టిపారేయకండి. 2004లో సించిచ్, హోర్టన్, సహచరులు కదలికను గుర్తించే ఎంటీ ప్రాంతంలో ట్రేసర్ ఎక్కిస్తే ఎల్.జి.ఎన్.లోనే కణాలు వెలిగాయి. వి1 నుంచి ఎంటీకి వెళ్లే కణాల సంఖ్యలో అవి సుమారు పదో వంతు, ఎక్కువగా కోనియో రకం. వి1 దెబ్బతిన్నవాళ్లలో కొందరు తమకు ఏమీ కనబడడం లేదని అంటూనే వస్తువు ఎటు ఉందో సరిగ్గా చూపించగలగడం చాలాకాలం అంతుచిక్కలేదు. 2010లో వి1 దెబ్బతిన్న మకాక్‌లలో ఎల్.జి.ఎన్.ను తాత్కాలికంగా ఆపితే ఆ మిగిలిన చూపు కూడా పోయింది. పట్టికలో సన్నగా ఉన్న గీతను కొలతలోని దోషమనుకుని తీసేసి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. మకాక్ ట్రేసర్ పేపర్లను ఒక చోట చేర్చిన కోకోమాక్ డేటాబేస్‌తో మొదలుపెట్టండి. అందులో ఖాళీ గడిని సున్నా అనుకోవద్దు. "వెతికాం, లేదు" అన్నదీ "ఎవరూ వెతకలేదు" అన్నదీ పూర్తిగా వేరు. థాలమస్ విషయంలో ఖాళీల్లో ఎక్కువ భాగం రెండో రకమే. మీ పట్టికలో ఈ రెండింటికీ వేరు కోడ్‌లు పెట్టండి. మోడల్ ఫలితాలు ఈ ఒక్క నిర్ణయం మీదే ఎంతగా మారతాయో మీరే చూస్తారు.

పేర్ల గొడవ కూడా తప్పదు. ఓల్‌షెవ్‌స్కీ 1952లో మకాక్ అట్లాస్‌లో వీపీఎల్ఓ అన్న భాగం (సెరిబెల్లమ్ సంకేతాలు అందుకునేది) జోన్స్ పేర్లలో వీఎల్‌పీలో కలిసిపోతుంది. మనుషుల్లో వణుకు తగ్గించడానికి ఎలక్ట్రోడ్ పెట్టే చోటును సర్జన్లు హాస్లర్ పద్ధతిలో విమ్ అంటారు, అది సుమారుగా ఇదే చోటు. వీపీఎల్ అన్న అక్షరాలు చూసి స్పర్శ కేంద్రకం అని కలిపేస్తే మీ మోడల్‌లో సెరిబెల్లమ్ సంకేతాలు స్పర్శ కార్టెక్స్‌కు చేరతాయి. ప్రతి పేపర్ ఏ అట్లాస్ వాడిందో ఒక కాలమ్‌లో రాసుకోండి.

ఒక్కో ఆక్సాన్ స్థాయి డేటా ఇప్పుడిప్పుడే వస్తోంది. 2021లో చైనా బృందం ఒకటి రీసస్ కోతి మెదడు మొత్తాన్ని 1×1×2.5 మైక్రోమీటర్ల గడులతో 100 గంటల లోపు చిత్రించే పద్ధతి ప్రకటించింది. దానితో మీడియోడార్సల్ కేంద్రకం నుంచి కార్టెక్స్‌కు వెళ్లే దారుల పటం కట్టారు. ఆక్సాన్లు కార్టెక్స్ మడతల్లో ఎలా మలుపులు తిరిగి గమ్యం చేరతాయో ఒక్కొక్కటిగా చూపించారు. ట్రాక్టోగ్రఫీ తడబడే చోటు సరిగ్గా ఆ మడతలే. డేటా మాత్రం వందల టెరాబైట్లు. ఆక్సాన్‌ను దారి తప్పకుండా అనుసరించే ప్రోగ్రాములు రాయగలవాళ్లు ఈ రంగంలో చాలా తక్కువ, మీ నేపథ్యం నిజంగా పనికొచ్చేది అక్కడే.

మొదటి మోడల్‌కు పల్వినార్ జోలికి వెళ్లకండి. దాని ఉపభాగాల సరిహద్దుల మీదే ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఎల్.జి.ఎన్., వి1, రెటిక్యులర్, ఆరో పొర నుంచి తిరుగు దారి, ఈ నాలుగింటితో కట్టండి. మాగ్నో, పార్వోలను విడిగా ఉంచండి, డ్రైవర్‌కూ మాడ్యులేటర్‌కూ వేరు సమీకరణాలు రాయండి. అది నడిచాక మీడియోడార్సల్ తీసుకోండి. గోల్డ్‌మన్-రాకిక్, పొరీనో 1985లో దాన్ని లోపలి వైపు భాగం ఆర్బిటల్ ప్రాంతాలకు, పక్క భాగం డార్సోలాటరల్‌కు, మరీ అంచు భాగం కంటి కదలికల 8వ ప్రాంతానికి అని విడదీసి చూపించారు. మీ పట్టికకు అది సరిపోతుంది. ఆ దశకు వచ్చాక పట్టిక ఇక్కడ పెట్టండి, ఒక్కో గడి వెనక ఏ ఇంజెక్షన్ ఉందో కలిసి చూద్దాం.